ఎంగిలి పరీక్ష

బొమ్మల వీధి, మా ఇంటి అరుగు మీద నుంచి

చెల్లెలి కూతురికి, పెద్దమ్మ చెప్పి రాయిస్తున్నది.

నువ్వు బాగున్నావా, నీ కొడుకు బాగున్నాడా అని ముందు అడగటం పద్ధతి. అడిగాను. ఇక అసలు సంగతికి వస్తా.

నిన్న మీ ఆఫీసు వాళ్ళు వచ్చి నా రంగుల గదికి తాళం వేసి, తాళానికి గుడ్డ చుట్టి, గుడ్డ మీద లక్క పోసి ముద్ర గుద్ది పోయారు. నా ఇంట్లో, నా గదికి! వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకడు పొడుగ్గా ఉన్నాడు, చేతులకి తొడుగులు. నా పసుపు రంగు డబ్బాని చచ్చిన ఎలకని తోక పట్టి ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తాడు. రెండోవాడు కాగితం చదివాడు. ఆ పసుపులో సీసం ఉందట, ఉండకూడనంత ఉందట, పిల్లలు నోట్లో పెట్టుకుంటే విషమట. "ఎవడు చెప్పాడు?" అన్నాను. "మిషను చెప్పిందమ్మా" అన్నాడు. "మీ మిషను ఎంతమందిని కని పెంచింది?" అన్నాను. వాడు కాగితం మడిచి, లక్క కరిగించడం మొదలుపెట్టాడు.

ఆ పొడిని అవిసె నూనెలో కలిపి రాతి మీద పొత్రంతో నూరడం మొదలుపెట్టినప్పుడు మీ అమ్మకి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. ఆ పసుపు అద్దిన చక్రాల పిట్ట బొమ్మని ఎండలో పడేసినా, వానలో మరిచిపోయినా వెలవదు. పిట్ట కన్ను గియ్యాలంటే కుంచె కొసని నాలిక మీద తిప్పాలి, అప్పుడే సూదిమొనలా నిలుస్తుంది. ఈ నాలిక మీదుగా ఎంత పసుపు దిగిందో నాకే తెలీదు. నాకేమైంది? పళ్ళు ఊడాయి. ఈ వయసుకి వస్తే ఆ పొడుగాడికీ ఊడతాయి. కుడి మణికట్టు వాలిపోతుంది. అంత పని చేసిన చెయ్యి వాలక నిలబడుతుందా? కడుపులో అప్పుడప్పుడు మెలిపెడుతుంది. అది కోపం, నాకు పుట్టుకతోనే ఉంది.

నువ్వు ఆ ఆఫీసులోనే పని చేస్తున్నావు. బొమ్మలూ రంగులూ గీకి చూసే పనే నీదని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. మరి నీ పెద్దమ్మ ఇంటికి వాళ్ళు వస్తుంటే నీకు తెలీదా? మీ అమ్మ పోయాక నిన్ను తెచ్చుకుని, మా చిన్నోడి పక్కనే కూర్చోబెట్టి, వాడి కంచంలోనే నీకూ ముద్ద కలిపి పెట్టాను. ఇది ఎత్తిపొడుపు కాదు. సరే, ఎత్తిపొడుపే అనుకో.

వచ్చే నెల విచారణ ఉందట. ఈలోగా నువ్వు మాట్లాడి ముద్ర తీయించు. లేతు మీద కొయ్య తిప్పే పెద్దోడు చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. చిన్నోడు తలుపు ముందు నుంచి కదలడం లేదు. వాడి సంగతి నీకు తెలుసుగా, మీసాలు నెరుస్తున్నా మాట ఆరేళ్ళ దగ్గరే ఆగిపోయింది. "ఎప్పుడు తీస్తారమ్మా?" అని పూటకోసారి అడుగుతున్నాడు. వాడికి ఆ గదే లోకం.

కింద పేరు రాయాలంటోంది కోడలు. అక్కర్లేదన్నాను. ఈ కోపం ఎవరిదో నీకు తెలుస్తుంది.


పరీక్షల ఆఫీసు, మూడో అంతస్తు నుంచి

పెద్దమ్మకి,

నీ ఉత్తరం అందింది. ముద్ర తీయించడం నా చేతుల్లో లేదు. విచారణ జరిగేదాకా ఎవరి చేతుల్లోనూ లేదు.

నియమం నీ ఒక్కదాని మీద పెట్టింది కాదు. పిల్లలు ఆడుకునే బొమ్మలు, బళ్ళో వాడే రంగు పెన్సిళ్ళు, జిగురు, పిసికే మట్టి, అన్నిటికీ ఉంది. సీసం ఒంట్లోకి పోతే తొందరగా బయటికి రాదు. ఎముకల్లో చేరి కూర్చుంటుంది. పెద్దవాళ్ళని నెమ్మదిగా తింటుంది, పసివాళ్ళని తొందరగా తింటుంది. మెదడు పెరిగే వయసు కదా. నీ మణికట్టు, నీ కడుపునొప్పి కూడా ఒకసారి డాక్టరుకి చూపించుకో.

సీసం లేని పసుపులు ఉన్నాయి. అంత మెరుపు ఉండదు, ఖరీదు ఎక్కువ, రెండు పూతలు వెయ్యాలి. విచారణలో "రంగు మారుస్తాను" అని ఒక్క మాట చెప్పు. వాళ్ళకి కావలసింది అదే. ఎక్కువ మాట్లాడకు పెద్దమ్మా. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను.

వదిన పాపకి ఇప్పుడు పళ్ళు వస్తుండాలి. దాని చేతికి పిట్టలు ఇవ్వకండి. పాతవి కూడా.

మా వాడు బాగున్నాడు.

నీ ఇంట్లో తిన్న ముద్ద నేను మరిచిపోలేదు. అందుకే ఇంతకన్నా రాయలేకపోతున్నాను.

నీ కూతురు లాంటిది


బొమ్మల వీధి నుంచి

మూడో అంతస్తు ఆఫీసరు గారికి,

నీ ఉత్తరం కోడలు చదివింది. ఎవరో ఆఫీసరు రాశాడనుకుని మళ్ళీ చదవమన్నాను. రెండోసారీ ఆఫీసరే రాశాడు.

ఎక్కువ మాట్లాడకు అంటావా! నేను మాట్లాడకపోతే ఈ ఇల్లు ఎప్పుడో మట్టిలో కలిసేది. విచారణలో చెప్పాల్సిన మాటలు నేను కట్టుకున్నాను. అది కింద రాయిస్తున్నా. దాన్ని మీ ఆఫీసు భాషలోకి మార్చి పంపు. మాటలు మార్చు గానీ కారం తగ్గించకు.

అయ్యా ఆఫీసర్లూ, మీ మిషను పుట్టకముందు నుంచే మా ఇంట్లో పరీక్ష ఉంది. కొత్తగా రంగు నూరినప్పుడల్లా మొదట అద్దిన పిట్ట బజారుకి పోదు. బాగా ఆరాక, ఇంట్లో పళ్ళొస్తున్న పసిపిల్ల చేతికి ఇస్తాం. పళ్ళొచ్చే పిల్ల ఊరుకుంటుందా? పొద్దుగూకేదాకా చప్పరిస్తుంది, కొరుకుతుంది. అప్పుడు తెల్ల గుడ్డతో ఆ పిల్ల పెదాలు తుడిచి చూస్తాను. గుడ్డకి పసుపు అంటిందా, ఆ రంగు ముద్ద మొత్తం పారబోత, నూరినదాని కష్టం గంగపాలు. అంటలేదా, బజారుకి. దీన్ని మేం ఎంగిలి పరీక్ష అంటాం. పరాయి తల్లి పిల్ల నోట్లోకి పోయేది ముందు మా పిల్ల నోట్లో పడాలి. ఇంత నీతిగా ఏ కంపెనీవాడు చేస్తాడో చెప్పండి. ఈ వీధిలో ఇంటింటికీ ఈ పరీక్ష నేర్పింది నేనే. మా చిన్నోడైతే ఇందులో మొనగాడు. వాడు పుట్టాక చాన్నాళ్ళు ఇంట్లో మళ్ళీ పురుడు లేదు, నడక వచ్చినా, పళ్ళన్నీ వచ్చినా వాడే చప్పరించాడు. "నేను పాస్ చేసిన పిట్టలు" అని ఈనాటికీ బజారులో వేలు పెట్టి చూపిస్తాడు. ఇప్పుడు మా కోడలి పిల్ల చేస్తోంది. మాకు మా పిల్లల కన్నా ఎక్కువ ఏముంది? అది విషమైతే మా నోట్లో మేమే పోసుకుంటామా?

ఇదీ నా మాట. దీని ముందు మీ మిషను నిలబడుతుందేమో చూస్తా.

ఆడపడుచుకి వదిన రాస్తున్నది. ఇది అత్తయ్య చెప్పింది కాదు. ఇంకా ఏం రాస్తున్నావని అడిగితే చుక్కలూ గీతలూ పెడుతున్నానని చెప్పాను. పాప రెండు వారాలుగా సరిగ్గా తినడం లేదు. కడుపు గట్టిగా ఉంటోంది, ఊరికే ఏడుస్తోంది, పాలిపోయింది. పళ్ళు వచ్చేటప్పుడు అలాగే ఉంటుంది, ఆసుపత్రికి తీసుకెళ్తే మనమే ఒప్పుకున్నట్టు అవుతుందని అత్తయ్య అంటున్నారు. నన్నేం చెయ్యమంటావు?


మా ఇంటి నుంచి

పెద్దమ్మకి, వదిన చదివి వినిపించాల్సింది.

ఈసారి ఆఫీసు నుంచి రాయడం లేదు. ఆఫీసులో కూర్చుంటే నా చెయ్యి ఆఫీసు మాటలే రాస్తోంది.

నీ వాంగ్మూలాన్ని నేను మార్చలేను. ఆ ఎంగిలి పరీక్ష సంగతి నీకు గొప్పగా వినిపిస్తోంది, వాళ్ళకి ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు. గుడ్డకి అంటకపోతే రంగు గట్టిదని మాత్రమే అర్థం పెద్దమ్మా. పిల్ల చప్పరించినది గుడ్డ మీదికి రాదు, కడుపులోకి పోతుంది. గుడ్డ తెల్లగా ఉన్నా లోపల పడేది పడుతూనే ఉంటుంది.

ఇంకొకటి చెప్పాలి. దీన్ని చెప్పకుండా ఉండటానికే మొన్నటి ఉత్తరం అంత పొట్టిగా రాశాను. మీ ఇంటికి మా వాళ్ళు రావడానికి కారణం నేనే.

మా వాడికి ఏడాది నిండినప్పుడు నువ్వు పంపిన చక్రాల పిట్టని వాడు ఒక్క క్షణం వదిలేవాడు కాదు. వాడు పాలిపోయాడు, చిరాకు, తిండి లేదు. డాక్టరు రక్తం తీయించాడు. అందులో సీసం. నేను గోడల సున్నం గీకి చూశాను, నీళ్ళ గొట్టం చూశాను, వంట గిన్నెలు చూశాను. రోజంతా ఎవరెవరి పిల్లల బొమ్మలో గీకి చూసే నేను వాడి చేతిలో ఉన్న పిట్టని చూడలేదు. అది నీ చేతిది కాబట్టి. చివరికి మా ఆయనే దాన్ని నా చేతికిచ్చి, "ఇదొక్కటే మిగిలింది" అన్నాడు.

నేనే తీసుకెళ్ళి మిషను కింద పెట్టాను. ఎక్కడ తయారైంది అన్నచోట మీ వీధి పేరు మాత్రం రాశాను. నీ పేరు రాయడానికి చెయ్యి రాలేదు. వీధి పేరు రాస్తే నీ ఇల్లు తప్పిపోతుందా? నాకు తెలిసే రాశాను. నీకు ముందు చెప్పాల్సింది. బస్సెక్కితే పూట ప్రయాణం. ఎక్కలేదు. నీ మొహం చూస్తే ఆ చీటీ చించేస్తానని భయం.

మా వాడు బాగున్నాడని నీకు అబద్ధం రాశాను. ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాడు. సీసం తగ్గుతోంది. మాటలు కొంచెం ఆలస్యమవుతున్నాయి.

వదినా, ఇది నీకు. పాపని రేపే తీసుకుని ఇక్కడి పెద్దాసుపత్రికి వచ్చెయ్యి. మా ఇంట్లో దిగు. అత్తయ్యని అడగకు, నేను చెప్పానని చెప్పు. వచ్చే కోపం నా మీదికే రానీ.

మీ అమ్మాయి


దర్జీ కొట్టు నుంచి

చెల్లెలి కూతురికి,

ఇది కోడలి రాత కాదు, దర్జీ రాత. అక్షరాలు కత్తిరించినట్టు ఉంటే సర్దుకో.

నీ ఉత్తరం కోడలు చదువుతూ చదువుతూ మధ్యలో దగ్గింది. దానికి దగ్గు లేదు. ఆ దగ్గిన చోట ఏదో ఉందని నాకు అప్పుడే అనిపించింది. పొద్దున లేచేసరికి కోడలూ లేదు, పిల్లా లేదు, ఉయ్యాల ఊగుతోంది. పెద్దోడిని అడిగితే నేల చూశాడు. అంటే వాడికీ తెలుసు. ఉత్తరం పట్టుకుని ఇక్కడికి వచ్చి చదవమన్నాను. ఈయన గొంతు నీకు తెలుసుగా, చెవిలో చెప్పినా వీధి చివర వినిపిస్తుంది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళంతా విన్నారు. ఒకావిడ కొలతలు ఇవ్వకుండానే పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళిపోయింది.

నా బొమ్మ తెచ్చి నా ముందు పడేసి, "పెద్దమ్మా ఇది విషం" అని నా మొహం మీద అని ఉంటే నిన్ను లాగి ఒక్కటిచ్చేదాన్ని. ఆ తర్వాత వినేదాన్నేమో. వినేదాన్ని కానేమో. ఆ ఒక్క దెబ్బకి భయపడి మిషను చాటుకి పోయి దాక్కున్నావు. నేను పెంచిన పిల్లవి ఇంత పిరికిదానివి ఎలా అయ్యావే?

నీ కొడుకు బాగున్నాడని రాశావు. ఆ పిట్టకి నేనే ఏరి మంచి కొయ్య తీశాను. మా చెల్లెలి మనవడికని మూడో పూత కూడా వేశాను. ఆ మూడో పూత ఎందుకు వేశానా అని రాత్రంతా అదే. వాడెలా ఉన్నాడో నిజం రాయి. ఈసారి నా మీద జాలి పడి రాస్తే నిన్ను క్షమించను.

ఇప్పుడు నేనడిగేదానికి జవాబు చెప్పు. నేను రాయించిన దాంట్లో చిన్నోడి మాట ఉంది. నువ్వు నీ కొడుకు గురించి రాశావు, కోడలి పిల్ల గురించి రాశావు. వాడి గురించి ఒక్క ముక్క లేదు. ఎక్కడైనా మడతలో పోయిందేమోనని ఈయన చేత కాగితం తిప్పించి తిప్పించి చూపించాను. లేదు.

ఎందుకు రాయలేదు?

దర్జీ కుట్టు మిషను ఆపేసి కూర్చున్నాడు. జవాబు నాకే రాయి. ఎవరి చేత చదివించుకున్నా దగ్గకుండా చదివిస్తాను.


మా ఇంటి నుంచి

పెద్దమ్మకి,

ముందు పాప సంగతి. రక్తంలో సీసం ఎక్కువే ఉంది. కానీ తొందరగా తెలిసిందన్నారు డాక్టరు. ఆ రంగు దగ్గరికి రానివ్వకపోతే, మంచి తిండి, మందు ఇస్తే తగ్గుతుందన్నారు. కొన్ని వారాలకోసారి మళ్ళీ రక్తం చూడాలి. వదిన మా ఇంట్లోనే ఉంది. మా వాడూ పాపా ఒకే పక్క మీద పడుకుంటున్నారు. మా వాడికి తగ్గుతోంది, ఇది నిజం. మాటలు ఎంతవరకు వస్తాయో ఇప్పుడే చెప్పలేం అంటున్నారు, ఇదీ నిజమే. ఇంట్లో పొడి చీపురు వెయ్యకండి, దుమ్ము లేస్తుంది. అన్నీ తడిగుడ్డతో తుడవండి.

ఇక చిన్నన్నయ్య.

రాయలేదు ఎందుకంటే నాకు తెలిసింది ఏమీ లేదు, భయం తప్ప. వాడు అలా ఉండటానికి ఆ పసుపే కారణమా అంటే ఈ భూమ్మీద ఎవరూ చెప్పలేరు. కాన్పు కష్టమైందని నువ్వే అనేదానివి. చిన్నప్పుడు జ్వరంలో కొట్టుకున్నాడని అనేదానివి. అవీ కావచ్చు. ఇప్పుడు వాడి రక్తం తీసినా అప్పటి సంగతి చెప్పదు. "కాదు" అని రాయగలిగితే మొదటి ఉత్తరంలోనే పెద్ద అక్షరాలతో రాసేదాన్ని. ఎంత ప్రయత్నించినా ఆ మాట రాయలేను పెద్దమ్మా.

నేను నీ ఇంటికి వచ్చేసరికి నాకు పళ్ళన్నీ వచ్చేశాయి. నేను చదువుకోవడానికీ వాడు చదువుకోకపోవడానికీ మధ్య అంతకన్నా పెద్ద తేడా ఏదీ ఉండి ఉండకపోవచ్చు. ఆఫీసులో బొమ్మ గీకుతుంటే ఈ ఆలోచన ఎన్నిసార్లు వచ్చిందో! వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాను.

విచారణకి నేను రాలేను. కాగితం మీద సంతకం నాది, నువ్వు నా పెద్దమ్మవి, ఆ గదిలో నేను కూర్చోకూడదు. నువ్వు ఏం చెప్పాలో ఇక నేను చెప్పను. చెప్పే అర్హత నాకు లేదు.

నీ అమ్మాయి


బొమ్మల వీధి మధ్యలో, ఎవరింటిదో అరుగు మీద నుంచి

తల్లీ,

కోడలు వచ్చింది. వచ్చినప్పుడు నేనేమీ అనలేదు. అననందుకు అది హడలిపోయి, "అత్తయ్యా, ఒంట్లో బాగాలేదా?" అంది. ఇప్పుడు అదే రాస్తోంది. దగ్గడం లేదు.

విచారణకి పెద్దోడిని వెంటబెట్టుకుని వెళ్ళాను. పెద్ద బల్ల, బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి దించి, "ముద్ర తీయమని అడగడానికి వచ్చారా?" అంది. నేను కట్టుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. ఎంగిలి పరీక్ష సంగతి మొదలుపెట్టాను కూడా. పరాయి తల్లి పిల్ల కన్నా ముందు మా పిల్ల అన్న చోటికి వచ్చి ఆగిపోయాను. అంతకుముందు ఆ మాట ఎన్నిసార్లు అన్నానో, అది ఏమిటో అప్పుడు వినపడింది.

"తీయొద్దు" అన్నాను. పెద్దోడు నా కొంగు లాగాడు. వాడి చెయ్యి విదిలించాను.

"ఆ గది అలాగే ఉండనివ్వండి. ఒక్కటి అడుగుతాను. మీ కాగితంలో నా డబ్బాల లెక్క ఉంది, బొమ్మల లెక్క ఉంది. పిల్లల లెక్క ఏది?" అన్నాను.

"మేం వస్తువుల వరకే చూస్తామమ్మా. మనుషుల సంగతి వేరే శాఖ" అంది కళ్ళజోడావిడ.

"అయితే ఆ శాఖని ఇక్కడికే పిలువు. ఇంకో ఆఫీసు మెట్లు ఎక్కడానికి నాకు మోకాళ్ళు లేవు."

పక్కనున్నవాడు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఈ వీధిలో ఏ ఇంట్లో ఎవరు చప్పరించారో చెప్పాను. చెప్తుంటే వాడూ నవ్వడం మానేశాడు. ఆవిడే ఫోను తీసింది.

ఈరోజు ఆసుపత్రి బండి వచ్చింది. వీధి మొదట్లో ఆగింది. నర్సమ్మలు ఇద్దరు దిగారు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. పసుపు రంగు మానెయ్యమన్నందుకే వీధి మండిపోతోంది, ఇక పిల్లల ఒళ్ళు గుచ్చుతామంటే రానిస్తారా? నేను ముందు నడిచాను. వార్నిష్ వేసే ఆవిడ కిటికీలోంచి, "నీ గదికి తాళం పడిందని మా పొయ్యిల్లో నీళ్ళు పోయడానికి బయలుదేరావా ముసలీ!" అని అరిచింది. "అవునే. ముందు తిట్టెయ్యి, తర్వాత పిల్లాణ్ణి ఇవ్వు" అన్నాను. తిట్టింది. నన్ను, నా వంశాన్ని, నువ్వు చదివిన చదువుని, ఏదీ మిగల్చలేదు. "ఈ పరీక్ష నా పెళ్ళైన కొత్తలో నాకు నేర్పింది ఎవరు?" అంది. "నేనే" అన్నాను. "నేనే" అని ఇంకోసారి కూడా అన్నాను. తిట్టి తిట్టి ఏడ్చి, తలుపు తీసింది.

అలా ఒక్కో తలుపూ. కొత్త పసుపు కోసం పెద్దోడు వెళ్ళాడు. అది చప్పగా ఉంటుందట. ఉండనీ.

చిన్నోడికి చెప్పాను. ఎవరో వీధిలో అనేలోపు నేనే చెప్పాలనుకున్నాను. పొద్దున వాడి పక్కన కూర్చుని, "ఒరే నాన్నా, నీ చేత అమ్మ చప్పరింపించిన పిట్టలున్నాయే, వాటి రంగు మంచిది కాదురా. అది పిల్లలకి జబ్బు చేస్తుంది. నీకు కూడా చేసి ఉంటుంది. అమ్మకి తెలియలేదు" అన్నాను. మాటలు ఎంత చిన్నవి చేసినా ఇంకా పెద్దగానే వచ్చాయి.

వాడు తాళం మీది లక్క ముద్రని వేలితో తడిమాడు. తర్వాత, "మరి నేను పాస్ చేశాను కదమ్మా. నేను సరిగ్గా చూడలేదా?" అన్నాడు.

దీనికి మీ ఆఫీసులో ఎవరికైనా జవాబు తెలిస్తే రాసి పంపు. నాకు తెలీలేదు. "నువ్వు సరిగ్గానే చూశావురా" అనేసరికి కొంగు తడిసిపోయింది. వాడు భయపడి నా మొహం వాడి చొక్కాతో తుడిచాడు. తుడిచి, చొక్కా వైపు చూసుకున్నాడు, రంగు ఏమైనా అంటిందా అని.

నిన్ను క్షమించానా లేదా అని అడగకు. నీ వంతు వచ్చేదాకా ఆగు, ముందు నన్ను నేను చూసుకోవాలి. సెలవు పెట్టి నీ కొడుకుని తీసుకురా. వాడిని ఎత్తుకోమంటేనే ఎత్తుకుంటాను, వద్దంటే దూరం నుంచి చూస్తాను.

మోకాళ్ళు ఆగమంటే ఈ అరుగు మీద కూర్చుని ఇంతవరకు రాయించాను. అటు వరస ఇళ్ళు ఇంకా మిగిలాయి. చిన్నోడు నా మాట కోసం ఆగలేదు. నర్సమ్మ చెయ్యి పట్టుకుని ఎదురింటి మెట్లు ఎక్కేశాడు. "మా అమ్మ వస్తోంది, పాపని తీసుకురండి" అని తలుపు బాదుతున్నాడు.

నేను లేవాలి.